ల్యూకా మాస్టారి 127 గళ్ళు

పోయిన సెమిస్టర్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో నన్ను టవర్ ఆఫ్ హనోయ్ అడిగారు. పండగే అనుకున్నా. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో రాశాం, రికార్డులో రాశాం, వైవాలో చెప్పాం. అర నిమిషంలో రికర్షన్ రాసి పేపరు ఆయన ముందుకు తోశా. ఆయన దాన్ని చూసి చిన్న ప్రశ్న వేశారు. n బిళ్ళలకి 2ⁿ − 1 కదలికలు పడతాయని రాశావు సరే, అంతకన్నా తక్కువలో ఎందుకు అవ్వదు అని. నేను తెల్లమొహం వేశా. పోనీ ఈ ఆట ఎవరు కనిపెట్టారో తెలుసా అన్నారు. హనోయ్ అంటే వియత్నాం కదా, అక్కడివాళ్ళెవరో అయ్యుంటారు అన్నా. ఆయన నవ్వి, మళ్ళీ చెబుతామన్నారు. ఇంతవరకూ చెప్పలేదు.

ఆ రాత్రి హాస్టల్‌కి వచ్చి ఆ రెండు ప్రశ్నలకీ జవాబులు వెతికా. మొదటిదానికి జవాబు రెండు వాక్యాలే. అన్నిటికన్నా పెద్ద బిళ్ళ కదలాలంటే దానిపై ఉన్నవన్నీ ముందు మూడో కర్ర మీదికి చేరాలి, అది కదిలాక అవన్నీ మళ్ళీ దాని మీదికి రావాలి. అంటే చిన్న గోపురం పని రెండుసార్లు, మధ్యలో ఒక్క కదలిక, దీనికి దగ్గరిదారి లేదు. రెండో ప్రశ్నకి జవాబు మాత్రం నన్ను రెండు వారాలు వదల్లేదు. ఆ జవాబు ఒక మనిషి. పేరు ఎడ్వార్ ల్యూకా. ఇంగ్లీషు పుస్తకాల్లో చూసి మనం లూకాస్ అని చదివేస్తాం.

ల్యూకా 1842 ఏప్రిల్ 4న ఉత్తర ఫ్రాన్స్‌లోని అమియాఁ పట్టణంలో పుట్టారు. చదువయ్యాక పారిస్ నక్షత్రశాలలో ఉద్యోగంలో చేరారు. అక్కడ ఆయన పై అధికారి సామాన్యుడు కాదు, లెవెర్రియే. టెలిస్కోపు ముట్టకుండా కాగితం మీద లెక్కలు కట్టి, ఫలానా చోట వెతకండి అని నెప్ట్యూన్ గ్రహం ఉనికి చెప్పిన మనిషి. అక్కడ ల్యూకా పని కూడా లెక్కలు కట్టడమే. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చింది. ల్యూకా ఫిరంగి దళంలో అధికారిగా వెళ్ళారు. ఫ్రాన్స్ ఓడిపోయింది. తిరిగొచ్చాక ఆయన లెక్కల మాస్టారయ్యారు. మొదట మూలాఁ అనే చిన్న పట్టణంలో, తర్వాత పారిస్‌లోని షార్లమాన్, సెయింట్ లూయీ లీసేల్లో పాఠాలు చెప్పారు. లీసే అంటే యూనివర్సిటీ కాదు. ఆయన చెప్పిన తరగతులు పెద్ద విద్యాసంస్థల ప్రవేశ పరీక్షలకి పిల్లల్ని తయారుచేసేవి. మన లెక్కలో చెప్పాలంటే ఇంటర్ లెక్చరర్, పైగా ఎంట్రన్స్ కోచింగ్. మనందరికీ అలాంటి మాస్టారు ఒకరు ఉండే ఉంటారు. ఆయన సాయంత్రాలు ఏం చేసేవారో మనం ఎప్పుడైనా అడిగామా?

ల్యూకా మాస్టారు సాయంత్రాలు ఒక సంఖ్య వెంటపడ్డారు.

ఆ సంఖ్య 2¹²⁷ − 1. విడమరిచి రాస్తే 170141183460469231731687303715884105727. మొత్తం 39 అంకెలు. మన పాత లెక్కల పుస్తకాల్లో పరార్ధం అంటే 1 పక్కన 17 సున్నాలు, ఇది దాన్ని ఎప్పుడో దాటేసింది. మనకి ఇంకోలా చెబితే సులువు. ఐపీవీ6 అడ్రసులు మొత్తం ఎన్నో, అందులో సరిగ్గా సగం లెక్కించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. 128 బిట్ల సైన్డ్ ఇంటిజర్‌లో పట్టే అతి పెద్ద విలువ కూడా ఇదే.

ఈ కథ అంతకుముందే మొదలైంది. 1644లో మారాఁ మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఒక జాబితా ఇచ్చారు. 2ⁿ − 1 రూపంలో ఉన్న సంఖ్య, n విలువ 257 దాకా తీసుకుంటే, 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 దగ్గర మాత్రమే ప్రధాన సంఖ్య అవుతుందన్నారు. రుజువు ఇవ్వలేదు. అంత పెద్ద సంఖ్యల్ని సరిచూసే దారి ఆ రోజుల్లో ఎవరికీ లేదు. 1772లో ఆయిలర్, అప్పటికి చూపు దాదాపు పోయినా, 31 దగ్గర మెర్సెన్ చెప్పింది నిజమేనని తేల్చారు. ఆ సంఖ్య 2147483647. ఇది మీకు బాగా తెలుసు. సీ ప్రోగ్రాంలో ఇంట్ దీన్ని దాటగానే మైనస్‌లోకి పడిపోయి మనల్ని ఏడిపిస్తుందే, అదే.

ఆయిలర్ పద్ధతి ఏంటంటే, ఏయే సంఖ్యలు దాన్ని భాగించే అవకాశం ఉందో ముందే జల్లెడపట్టి, మిగిలినవాటితో భాగించి చూడటం. ఆ దారిలో 127 దగ్గరికి చేరలేం. 2¹²⁷ − 1కి వర్గమూలం దాకా అన్నిటితో భాగించి చూడాలంటే, సెకనుకి వంద కోట్ల భాగహారాలు చేసే మెషిన్‌కైనా 400 ఏళ్ళు పైనే పడుతుంది. ల్యూకా దగ్గరున్నది కాగితం, పెన్సిలు.

ల్యూకా ప్రశ్ననే మార్చేశారు. దీన్ని ఏది భాగిస్తుంది అని అడగడం మానేశారు. ఒక వరుసలో ఫలానా చోట ఉన్న పదాన్ని ఇది భాగిస్తుందా లేదా అని అడిగారు. ఆ ఒక్క జవాబుతో సంఖ్య ప్రధానమో కాదో తేలిపోతుంది. ఆ వరుస కూడా మనకి తెలిసిన సరుకే. ముందు రెండు పదాలు కూడితే తర్వాతి పదం వచ్చే ఫిబొనాచి వరుస. దానికి ఆ పేరు స్థిరపడటానికి ముఖ్య కారణం ల్యూకాయే. ఫిబొనాచి 1202లో రాసిన కుందేళ్ళ లెక్క కన్నా ముందే, లఘువులు గురువులు కలిపి ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా కట్టొచ్చో లెక్కపెట్టిన మన ఛందశ్శాస్త్రకారులు ఇదే వరుసని రాశారు. మూడు మాత్రలకి 3 రకాలు, నాలుగు మాత్రలకి 5, అయిదింటికి 8. మన క్లబ్బులో పద్యాలు రాసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకోవచ్చు.

ఆ వరుసకి ఒక చెల్లెలుంది. 1, 3, 4, 7, 11, 18, 29, 47 ఇలా సాగుతుంది. ఇప్పుడు వీటిని ల్యూకా సంఖ్యలనే అంటారు. ఇందులో 2వ పదం 3, 4వ పదం 7, 8వ పదం 47, 16వ పదం 2207. కాస్త ఆగి చూడండి. 3 వర్గం 9, రెండు తీస్తే 7. 7 వర్గం 49, రెండు తీస్తే 47. 47 వర్గం 2209, రెండు తీస్తే 2207. మధ్యలో పదాలన్నీ కూడుకుంటూ పోనక్కర్లేదు, వర్గం చేసి రెండు తీసేస్తే రెట్టింపు దూరానికి దూకేస్తాం. ల్యూకా పట్టుకున్న తాళంచెవి ఇదే. ఘాతం 4తో భాగిస్తే 3 మిగిలేదైతే, 127 అలాంటిదే, 3తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, మన పెద్ద సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకుంటూ పోవాలి. ఘాతం కన్నా రెండు తక్కువసార్లు చేశాక సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య. రాకపోతే కాదు. కోటానుకోట్ల భాగహారాలు పోయి 125 మెట్లు మిగిలాయి.

125 అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ ఒక్కో మెట్టులో 39 అంకెల సంఖ్యని వర్గం చేయాలి, 39 అంకెల సంఖ్యతో భాగించాలి. చేత్తో. ఒక్క అంకె తప్పితే మొత్తం బూడిదలో పోసిన పన్నీరే.

ఇక్కడే ల్యూకాలోని ఆటగాడు బయటికొస్తారు. ఆయన సంఖ్యల్ని బైనరీలో రాసుకున్నారు. కంప్యూటర్ అనే మాటకి మనిషి అనే అర్థం తప్ప ఇంకో అర్థం లేని రోజులవి. అడ్డం 127, నిలువు 127 గళ్ళున్న చదరంగం బల్లలాంటిది ఊహించుకోండి. పావు ఉన్న గడి 1, ఖాళీ గడి 0. సంఖ్యని వర్గం చేయాలంటే అదే సంఖ్యని జరిపి జరిపి వరుసల్లో పేర్చాలి. ఇందులో కిటుకు ఏంటంటే, 2¹²⁷ని 2¹²⁷ − 1తో భాగిస్తే శేషం 1. కాబట్టి ఎడమ అంచు దాటిన పావు కింద పడిపోదు, అదే వరుసలో కుడి అంచున మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. భాగహారం అనే పనే లేదు. తర్వాత ఒకే నిలువు వరుసలో రెండు పావులుంటే ఆ రెండూ తీసి పక్క వరుసలో ఒకటి పెట్టాలి. అన్నీ అలా సర్దాక మిగిలిన పావులే శేషం. మనం బిట్ రొటేషన్ అని పేరుపెట్టి చదువుకునేదాన్ని ఆయన పావులాటగా ఆడారు.

నమ్మకం కుదరక నేనూ ఆడి చూశా. 127 గళ్ళు నావల్ల కాదు గానీ, ఏడు గళ్ళ ఆట మన చేతిలో పనే. 2⁷ − 1 అంటే 127. అది ప్రధాన సంఖ్యని మనకి ముందే తెలుసు, కాబట్టి ఆట చివర సున్నా రావాలి. గ్రాఫ్ పేపరు మీద గళ్ళు గీసి, మెస్‌లో అడిగి తెచ్చుకున్న చింతపిక్కలు పెట్టా. కుడి నుంచి గళ్ళ విలువలు 1, 2, 4, 8, 16, 32, 64. మొదట 3, తర్వాత 7, తర్వాత 47. ఆ తర్వాత 2207ని 127తో భాగిస్తే శేషం 48. అంటే 32 గడిలో ఒక పిక్క, 16 గడిలో ఒక పిక్క. దాన్ని వర్గం చేయాలి. నాలుగు గళ్ళు జరిపి ఒక వరుస, అయిదు గళ్ళు జరిపి ఇంకో వరుస. ఎడమ అంచు దాటినవి కుడివైపు నుంచి లోపలికొచ్చాయి. మొదటి వరుసలో పిక్కలు 4, 2 గళ్ళలో. రెండో వరుసలో 8, 4 గళ్ళలో. 4 గడిలో రెండు పిక్కలు, వాటికి బదులు 8లో ఒకటి. అక్కడ రెండయ్యాయి, వాటికి బదులు 16లో ఒకటి. మిగిలింది 16లో ఒకటి, 2లో ఒకటి. రెండు తీసేయాలి కాబట్టి ఆ 2 గడిలో పిక్క తీసేశా. ఇక బల్ల మీద ఒకే ఒక్క పిక్క. మళ్ళీ వర్గం. ఒక్క పిక్క కాబట్టి ఒకటే వరుస, నాలుగు గళ్ళు జరిపితే అంచు దాటి తిరిగొచ్చి 2 గడిలో కూర్చుంది. రెండు తీసేయాలి. తీసేశా.

బల్ల ఖాళీ.

రాత్రి ఒంటిగంటకి ఖాళీ గ్రాఫ్ పేపరు చూసి నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. 127ని దేనితోనూ భాగించలేదు, కారణాంకాలు వెతకలేదు. అయినా అది ప్రధాన సంఖ్యని ఆ ఖాళీ గళ్ళు చెప్పేశాయి. నేను ఎక్కింది అయిదు మెట్లు. ఆయన ఎక్కింది 125.

1876లో ల్యూకా ప్రకటించారు, 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని. అప్పటిదాకా తెలిసిన ప్రధాన సంఖ్యలన్నీ దీనికన్నా చాలా చిన్నవి. ఆయన ఒక్క గంతులో 39 అంకెలకి చేరారు. అదే పద్ధతితో ఇంకోటి కూడా తేల్చారు. మెర్సెన్ జాబితాలోని 67 తప్పు, 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదు. మరి దాని కారణాంకాలేంటి? ల్యూకాకి తెలీదు. విరిగిపోతుందని తెలుసు, ఎక్కడ విరుగుతుందో తెలీదు. 27 ఏళ్ళ తర్వాత, 1903లో అమెరికాలో కోల్ అనే గణితవేత్త ఆ కారణాంకాలు పట్టుకున్నారు. 193707721, 761838257287. ఈ రెండూ గుణించి చూసుకోండి, 147573952589676412927 వస్తుంది. మెర్సెన్ వదిలేసిన 61, 89, 107 కూడా ప్రధాన సంఖ్యలిస్తాయని, 257 ఇవ్వదని తర్వాతివాళ్ళు తేల్చారు.

ఇంత చేసిన మనిషి ఆటబొమ్మలు కూడా చేశారంటే అప్పట్లో కొందరికి వింతగా తోచి ఉంటుంది. 1883లో పారిస్‌లో ఒక ఆట అమ్మకానికి వచ్చింది. మూడు కర్రలు, ఎనిమిది బిళ్ళలు. చేసినవారి పేరు ఎన్. క్లాస్, ఊరు సియాం, పనిచేసేది లి సూ స్టియన్ కాలేజీలో అని రాసి ఉంది. ఫ్రెంచి అక్షరాలు అటూ ఇటూ కలిపి చూస్తే ఆ సియాం పెద్దమనిషి అమియాఁ ల్యూకా అవుతారు, ఆ కాలేజీ సెయింట్ లూయీ అవుతుంది. మన టవర్ ఆఫ్ హనోయ్ పుట్టింది ఒక లెక్కల మాస్టారి చిలిపి పనిలో. వియత్నాంకి దానితో సంబంధం పేరు వరకే.

దానికి తోడు ఒక కథ కూడా అల్లారు. కాశీలో ఒక గుడి ఉందట, అందులో 64 బంగారు బిళ్ళల గోపురాన్ని పూజారులు రాత్రింబవళ్ళు కదుపుతున్నారట, పని పూర్తయితే లోకం అంతమట. కాశీలో అలాంటి గుడేదీ లేదు. లెక్క మాత్రం నిజం. 64 బిళ్ళలకి కదలికలు 2⁶⁴ − 1, అంటే 18446744073709551615. సెకనుకి ఒకటి చొప్పున కదిపినా 58 వేల కోట్ల ఏళ్ళు పైనే పడుతుంది, కంగారు పడక్కర్లేదు. తమాషా ఏంటంటే, చదరంగం 64 గళ్ళలో గింజల్ని రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే ఈ సంఖ్యనే తెలుగులో ఒక పద్యంగా కట్టారు. పావులూరి మల్లన పేరు మీద చలామణిలో ఉంది. బాణాలంటే 5, చంద్రుడంటే 1, ఆకాశమంటే 0, ఇలా మాటలతో అంకెలు చెబుతూ ఒకట్ల స్థానం నుంచి 20 అంకెలూ ఛందస్సులో ఇమిడ్చారు. ల్యూకా ఆ పద్యం విని ఉంటే ఎగిరి గంతేసేవారని నా నమ్మకం. మనం చిన్నప్పుడు క్లాసులో వెనక బెంచీల్లో ఆడిన చుక్కలు కలిపి డబ్బాలు కట్టే ఆటని మొదట అచ్చులో పెట్టింది కూడా ఆయనే. ఫిరంగి గుళ్ళని చదరపు పిరమిడ్‌గా పేరిస్తే మొత్తం ఎప్పుడు పూర్ణవర్గం అవుతుందన్న లెక్క కూడా ఆయనదే. ఒక్క గుండు సంగతి వదిలేస్తే, 24 అంతస్తులకి 4900 గుళ్ళు, అంటే 70 వర్గం, అదొక్కటే జవాబు. ఫిరంగుల పక్కన నిలబడ్డ మనిషి యుద్ధం నుంచి తెచ్చుకున్నది ఆ లెక్క.

1891లో ఆయన సంఖ్యాశాస్త్రం పుస్తకం మొదటి భాగం అచ్చయింది. అదే ఏడాది మార్సేలో ఫ్రెంచి వైజ్ఞానిక సంఘం వార్షిక సభలకి వెళ్ళారు. అక్కడ విందులో వడ్డించే మనిషి చేతిలోంచి పింగాణీ సామాను జారి పగిలింది. ఒక పెంకు ఎగిరొచ్చి ల్యూకా చెంప మీద గీసుకుంది. చిన్న గాయమే. కానీ దానికి ఇన్‌ఫెక్షన్ సోకి ఎరిసిపెలస్ అనే చర్మవ్యాధిగా మారింది. యాంటీబయాటిక్స్ లేని కాలం. అక్టోబర్ 3న పోయారు. 49 ఏళ్ళు. ఆటల గురించి రాసిన నాలుగు సంపుటాల్లో చివరి రెండూ ఆయన పోయాకే బయటికొచ్చాయి. సంఖ్యాశాస్త్రం రెండో భాగం రానేలేదు.

ఆయన రుజువుల్లో కొన్ని చోట్ల సందులున్నాయి. 1930లో లెహ్మర్ అనే అమెరికన్ వాటిని పూడ్చి, పద్ధతిని శుభ్రం చేసి ఇచ్చారు. అందుకే ఇప్పుడు దాన్ని ల్యూకా లెహ్మర్ పరీక్ష అంటారు. 2¹²⁷ − 1 అతి పెద్ద ప్రధాన సంఖ్యగా 75 ఏళ్ళు నిలిచింది. 1951లో ఫెర్రియే డెస్క్ కాలిక్యులేటర్‌తో 44 అంకెల సంఖ్యతో దాన్ని దాటారు. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో ఎడ్‌శాక్ కంప్యూటర్ 79 అంకెలకి వెళ్ళింది. ఆ కొత్త సంఖ్యని కట్టింది దేనితోనో తెలుసా? ల్యూకా సంఖ్య వర్గాన్ని 180తో గుణించి ఒకటి కలిపి. 2024 అక్టోబర్‌లో ప్రకటించిన 4 కోట్ల 10 లక్షల అంకెల ప్రధాన సంఖ్యని ఖరారు చేసింది కూడా ల్యూకా లెహ్మర్ పరీక్షే. ఏ యంత్రం సాయం లేకుండా మనిషి చేత్తో తేల్చిన ప్రధాన సంఖ్యల్లో మాత్రం ఇప్పటికీ 2¹²⁷ − 1దే మొదటి స్థానం.

ఈ వ్యాసం రాస్తున్నానని ఇంట్లో చెబితే, ఆ నంబరు వల్ల ఉపయోగమేంట్రా అన్నారు నాన్న. నిజం చెప్పాలంటే ల్యూకా బతికున్నంతకాలం దానికి ఏ ఉపయోగమూ లేదు. ఆయనకి కంప్యూటర్ రాబోతోందనీ తెలీదు. క్లాసులు చెప్పుకుంటూ, పేపర్లు దిద్దుకుంటూ, ఎవరూ అడగని లెక్క ఒకటి చివరిదాకా చేశారు.

నేను ఇంటర్వ్యూలో ఓడింది టవర్ ఆఫ్ హనోయ్ రాక కాదు. వచ్చినదాన్ని ఎందుకు అని అడగక. ఆ 125 మెట్లనీ మొన్న పైథాన్‌లో రాసి నడిపా. ఎంటర్ నొక్కి వేలు తీసేలోపు సున్నా వచ్చేసింది. బాగానే అనిపించింది. కానీ ఒంటిగంట రాత్రి ఆఖరి చింతపిక్క తీసినప్పుడు అనిపించినంత కాదు. ఆ గ్రాఫ్ పేపరు నా టేబుల్ సొరుగులోనే ఉంది. ఎవరికైనా కావాలంటే రూముకి రండి, పిక్కలు కూడా ఉన్నాయి.